భీముడి గుర్రం వెనక కాలు

29 మార్చి 1976, సోమవారం

గుర్రం ఈవేళ కూడా నిలబడలేదు.

30 మార్చి, మంగళవారం

మా ఫారెస్టు నర్సరీకి పాలిథిన్ సంచులు నాలుగు వేలు వచ్చాయి. ఎనభై చిరిగినవి. స్టోరు రిజిస్టరులో ఎక్కించాను.

మధ్యాహ్నం, నర్సరీలో నీళ్లు పోసే భీముడు తన గుర్రాన్ని తెచ్చి స్టోరు వెనక పనస చెట్టుకు కట్టాడు. రెండేళ్లుగా ఇదే ఏర్పాటు. వారంలో రెండు పూటలు బొమ్మ వేసుకోవడానికి గుర్రం నాది, నర్సరీలో కోసిన గడ్డి దానిది. కొండ మీది ఊళ్ల నుంచి హుకుంపేట సంతకు పసుపూ చింతపండూ మోసిన గుర్రాల్లో ఇదొక్కటే మిగిలింది. గోధుమ రంగు. పొట్టిది. దాని వీపు నా ఛాతీ దాకా కూడా రాదు.

తల వస్తోంది. మెడ వస్తోంది. పొట్ట కూడా వస్తోంది. వెనక కాలు రాదు. గీత సగంలో ఉండగా బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్చేస్తుంది. మళ్లీ మొదటికి. ఆ తర్వాత ఈగలు. ఈగల తర్వాత పూర్తిగా నా వైపు తిరిగి నా మొహం చూస్తూ నిలబడటం. గుర్రం మొహం నాకు అక్కర్లేదు. మొహాలు నలభై వేశాను.

ఇంకా కురచగా కట్టమన్నాను. భీముడు కట్టాడు. "ఇలాగ కట్టేత్తే సచ్చిన గుర్రానికీ దీనికీ తేడా ఏటి బాబూ?" అన్నాడు. బొమ్మ పని సంగతి వాడికేం తెలుసు.

1 ఏప్రిల్, గురువారం

విశాఖపట్నం నుంచి ఉత్తరం వచ్చింది. ప్రదర్శనకు చిత్రాలు ఏప్రిల్ పన్నెండు సాయంత్రంలోగా అందాలట, చట్రంతో సహా. నేను రాసి అడిగిన సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. నలభై ఎనిమిదేళ్లకు మొదటిసారి. ఒక్కటే పంపుతాను, సంత నుంచి వస్తున్న గుర్రం. చట్రం తయారుగా ఉంది.

రేంజరు గారు పిలిచి ఆఫీసు గోడ మీద కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం వేయమన్నారు. పద్నాలుగున పై అధికారి వస్తున్నారట. "నీకిది చిటికెలో పనే కదయ్యా జగన్నాథరావూ" అన్నారు. పోయిన నెల జీపు నంబరు ప్లేటు. అంతకు ముందు వాళ్లమ్మాయి బడికి సూర్యుడూ, చుట్టూ గ్రహాలూ. అన్నీ చిటికెలో పనులే. నేను పదిహేనేళ్లుగా వేస్తున్న బొమ్మలేమిటో ఒక్కసారి కూడా అడగలేదు.

2 ఏప్రిల్, శుక్రవారం

భీముడు గుర్రాన్ని అమ్మేశాడు.

పై ఊళ్లకు జీపులు తిరుగుతున్నాయి, సంత సరుకంతా వాటిలోనే పోతోంది, ఊరికే మేపలేనన్నాడు. కొత్తవలస స్టేషను దగ్గర జట్కా తోలే వరహాలరావు అనే ఆయన బేరం చేసుకున్నాడట. పదమూడున వచ్చి నడిపించుకుపోతాడు. ముందు నాకు చెప్పవద్దా అన్నాను. భీముడు నా వైపు అదోలా చూశాడు. అది నా గుర్రం కాదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

పదకొండు రోజులు.

3 ఏప్రిల్, శనివారం

పత్రిక బయటికి తీశాను. రైలుమార్గం పని ముగిసి బొర్రా దగ్గర క్యాంపు ఎత్తేసినప్పుడు ఎవరో ఇంజనీరు వదిలేసిన తుక్కులో దొరికింది. అమెరికా పశ్చిమాన కొండల్లో బతికిన ఒక చిత్రకారుడి మీద పన్నెండు పేజీలు, మధ్యలో రెండు పేజీలు లేవు. ఒక వానాకాలమంతా నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. పదహారేళ్లకు గొడ్లు కాసే పనిలో చేరాడట. ఎవరి దగ్గరా నేర్చుకోలేదట. చలికాలం పాకల్లో కూర్చుని అట్టముక్కల మీద, సారాకొట్టు గోడల మీద, ఏది దొరికితే దాని మీద వేశాడట. తోటివాళ్లు నవ్వారట. యాభై దాటాక గానీ ఊరవతల ఒక్కడికీ పేరు తెలియలేదట.

ఆ దొర గుర్రాలు పదకొండు ఉన్నాయి అందులో. అన్నీ పరిగెత్తుతున్నాయి. ఒక్క కాలు తప్పులేదు. ఎలా నిలబెట్టాడో ఆ రెండు పేజీల్లో ఉండి ఉంటుంది.

6 ఏప్రిల్, మంగళవారం

ఇటుకల పండగ, ఇక్కడి కొండవాళ్ల వేట పండగ. శనివారం నుంచి నర్సరీలో నీళ్లు పోసేవాడు లేడు. కాఫీ మొక్కలు తలలు వాల్చేశాయి. మగాళ్లంతా విల్లులూ బరిసెలూ పట్టుకుని పొద్దున్నే అడవికి పోతున్నారు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా వెదురు కట్టి బళ్లు ఆపి చిల్లర అడుగుతున్నారు. వేట దొరక్కుండా తిరిగొచ్చిన వాడి మీద పేడనీళ్లు కుమ్మరిస్తున్నారు. భీముడు మూడు రోజులూ తడిసే వచ్చాడు. అడవిలో ఇప్పుడేముంది గనక. అయినా మర్నాడు మళ్లీ వెళ్తాడు. ఈ పట్టుదల నీళ్లు పోయడంలో ఉంటే బాగుండేది.

గుర్రాన్ని వాడి పెళ్లాం సోములమ్మ తోలుకొచ్చింది. కట్టి, నేను ఏం చేస్తున్నానో చూడకుండానే బేగి పోవాలంటూ వెళ్లిపోయింది.

గుర్రం నిలబడలేదు.

7 ఏప్రిల్, బుధవారం

ఎడమ వెనక కాలు పత్రికలో నాలుగో పేజీ గుర్రాన్ని చూసి వేశాను. కొలత కోసమే. కుడి కాలు కూడా దానికి సరిపోవాలి కనక అదీ అక్కడిదే. కాస్త పొడవయ్యాయి. ముందు కాళ్లను కొద్దిగా సాగదీసి సరిచేశాను. ఇప్పుడు గుర్రానికి ఒక ఠీవి వచ్చింది.

వీపుకు రెండు పక్కలా తెల్ల వెంట్రుకల మచ్చలున్నాయి. వేస్తే అక్కడ రంగు రాలినట్టు కనబడుతోంది. దొర గుర్రాల్లో ఒక్కదానికీ లేవు. వదిలేశాను.

8 ఏప్రిల్, గురువారం

బాగుంది.

9 ఏప్రిల్, శుక్రవారం

పూర్తయింది. సంతకం ఇంగ్లీషులో, కుడి వైపు కింది మూలన పెట్టాను. పత్రికలో అలాగే ఉంది. చట్రం బిగించి గోడవైపు తిప్పి పెట్టాను. మళ్లీ చూడలేదు. చూడాల్సిన అవసరం లేదు.

10 ఏప్రిల్, శనివారం

రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నా చేతుల వాసన పోలేదు.

ఎరువు బస్తాల కోసం మా జీపు విశాఖపట్నం వెళ్తోంది. డ్రైవరు అప్పన్న ఎక్కించుకుంటానన్నాడు. రంగు ఇంకా పచ్చిగా ఉంది కనక గుడ్డ చుట్టకుండా చిత్రాన్ని ఒళ్లో నిలబెట్టుకుని కూర్చున్నాను. రెండో మలుపులో వెదురు అడ్డం. పది పన్నెండు మంది ఆడవాళ్లు, అందరికంటే ముందు సోములమ్మ. అప్పన్న చిల్లర ఇచ్చాడు. వెదురు లేవలేదు.

నేనూ మగాణ్ణేనట. పండగ మొదలైన దగ్గర నుంచి రోజూ రంగుల పెట్టె పట్టుకుని స్టోరు వెనక్కి పోతున్నానట. నా వేట ఏదో చూపించాలట. నేను ఉద్యోగం మీద వచ్చినవాణ్ణి, మీ పండగతో నాకేం పని అన్నాను. ఒకామె, పద్నాలుగేళ్లుగా మా నీళ్లే తాగుతున్నావు కదా అంది. అప్పన్నకు తమాషాగా ఉంది. ఒళ్లోనే ఉంది కదా, చూపించేస్తే బేగి పోవచ్చన్నాడు.

చూపించాను. నిజం రాయాలంటే, చూపించాలనే ఉంది. ఈ చిత్రాన్ని నేను తప్ప ఎవరూ చూడలేదు.

అందరూ దగ్గరికి వచ్చారు. అరుపులు ఆగిపోయాయి. సోములమ్మ వంగి చాలాసేపు చూసింది.

"ఎవుల్ది బాబూ ఈ గుర్రము?"

మీదే అన్నాను.

మళ్లీ చూసింది. వేలు పెట్టబోయి, పచ్చి రంగని చెబితే ఆగింది.

"మా దానికి ఈపు మీద గంత ఒరుసుకుపోయిన కాడ తెల్ల ఎంటికలు మొలిసినాయి. ఇటేపు అరచెయ్యంత, అటేపు రూపాయి బిళ్లంత. పన్నెండేళ్లు బస్తాలు మోసినాది కదా. ఇందులో అయ్యేయి?"

ఇంకో పక్క నుంచి యర్రమ్మ అనే ముసలావిడ కాళ్లు చూపించి, ఇది సినిమా గుర్రం, మేడ మీంచి దూకుతుంది అంది. నవ్వులు. సోములమ్మ నవ్వలేదు.

"ఈ కాళ్లతోటి ఘాటీ దిగితే మొదటి మలుపుకాడే లోయలో పడిపోద్ది" అంది. తర్వాత వెనక్కి తిరిగి, తీర్పు చెప్పినట్టు వాళ్లతో అంది: "బాబుకి ఏట దొరకనేదు."

కుండ ఎక్కడి నుంచి వచ్చిందో చూడలేదు. సగం నా మీద, సగం చిత్రం మీద పడింది.

అప్పన్న తుడుద్దాం పదండి అన్నాడు. దిగిపోయాను. జీపు వెళ్లిపోయింది.

అదే రోజు, సాయంత్రం

చిత్రం పాడవలేదు. నూనె రంగు మీద నీళ్లు నిలవవు. తడిగుడ్డతో అద్దితే పేడ వచ్చేసింది, ఒక మూల ఆకాశం కొంచెం చెదిరింది. రేపు బస్సులో పంపవచ్చు. ఎల్లుండి పంపినా అందుతుంది.

విశాఖపట్నంలో చూసేవాళ్లలో భీముడి గుర్రాన్ని చూసినవాడు ఒక్కడుండడు.

11 ఏప్రిల్, ఆదివారం

బస్సులో జనం ఎక్కువ. పంపలేదు.

భీముడి ఇంటికి వెళ్లాను. గట్టిగా అడగాలని వెళ్లాను. వాడు వేటకు పోయాడు. సోములమ్మ సామలు దంచుతోంది. తప్పయిందని ఏమీ అనలేదు. పండగ కదా అని మాత్రం అంది. అంబలి ఇచ్చింది. తాగాను. గుర్రం దడి పక్కన నిలబడి ఉంది.

రెండేళ్లు చూసి వేశాను, వారానికి రెండు పూటలు, నీకంటే ఎక్కువ చూసి ఉంటాను అన్నాను. ఇంత గట్టిగా ఎవరితోనూ మాట్లాడి ఉండను.

రోకలి ఆపింది. "కట్టేసిన గుర్రాన్ని సూసినావు బాబూ. అది నడిసినప్పుడు ఎప్పుడైనా ఎనకాల ఎల్నావేటి?"

నేను స్టోరు వదిలి ఎక్కడికి వెళ్తాను. పద్నాలుగేళ్లలో నడిచి అరకు దాకా కూడా వెళ్లలేదు. వెళ్లాల్సిన పని లేదు, అన్నీ స్టోరుకే వస్తాయి. ఈ మాట ఆమెకు చెప్పి ఏం లాభం. అంబలి గిన్నె అక్కడ పెట్టి వచ్చేశాను. వచ్చేముందు గుర్రం తెల్ల మచ్చలు కొలిచాను. ఆమె చెప్పినంతే ఉన్నాయి.

12 ఏప్రిల్, సోమవారం

ఆఖరి రోజు. పొద్దుటి బస్సు ఏడున్నరకు. చిత్రాన్ని గోనెగుడ్డలో చుట్టి స్టాపు దాకా తీసుకెళ్లాను. కండక్టరు పైన కడతానన్నాడు. వద్దన్నాను. ఒళ్లో పెట్టుకోమన్నాడు. వద్దన్నాను. మరేం చేయమంటారు అని విసుక్కున్నాడు. ఆయన తప్పు లేదు.

బస్సు వెళ్లిపోయింది.

మధ్యాహ్నం కత్తితో నాలుగు కాళ్లూ గీకేశాను. పచ్చి రంగు కనక సులువుగా వచ్చింది. ఇప్పుడు గుర్రం గాలిలో ఉంది.

13 ఏప్రిల్, మంగళవారం

వరహాలరావు వచ్చాడు. లావుపాటి మనిషి, కాళ్లకు టైరు చెప్పులు. పది గంటలకు గుర్రాన్ని తోలుకుని బయల్దేరాడు. భీముడు రోడ్డు దాకా వెళ్లి తాడు అందించి, ఇంక అటు చూడకుండా ఇంటికి పోయాడు. సోములమ్మ బయటికి రాలేదు.

నేను స్టోరులో కూర్చుని బ్లీచింగు పొడి డబ్బాలు లెక్క పెట్టాను. ఇరవై రెండు. మళ్లీ లెక్కపెట్టాను. ఇరవై మూడు. మళ్లీ పెట్టాలనిపించలేదు.

పదకొండున్నరకు అయిదు రోజుల సెలవు చీటీ రాసి రేంజరు గారికి ఇచ్చాను. ఆయన గోడ వైపు చూశారు. గోడ తెల్లగా ఉంది.

"రేపు పై అధికారి వస్తున్నారు. ఏం తొందరయ్యా, ఎవరికైనా బాగోలేదా?"

ఎవరికీ కాదన్నాను.

"మరి?"

ఒక గుర్రం వెనకాల వెళ్లాలన్నాను. అలా చెప్పాలనుకోలేదు. వేరే మాట దొరకలేదు. ఆయన చీటీ బల్ల మీద పెట్టి, త్రికోణం వేశాక మాట్లాడదాం అన్నారు. త్రికోణం రూళ్లకర్రతో ఎవరైనా గీయవచ్చు, ఎరుపు డబ్బా మూడో అరలో ఉంది అని చెప్పాను. తాళాలు బల్ల మీద పెట్టాను.

రెండు మైళ్ల అవతల చెట్టు నీడలో అన్నం తింటూ ఆగి ఉంటే కలుసుకున్నాను.

14 ఏప్రిల్, బుధవారం

అరకు. సత్రం అరుగు మీద. పాదాలు బొబ్బలు.

వరహాలరావుకు నా మీద అనుమానం. గుర్రం దొంగ సొత్తనుకుని ప్రభుత్వం నన్ను పంపించిందేమోనని భయం. భీముడు వేలిముద్ర వేసిన కాగితం రెండుసార్లు తీసి చూపించాడు. బొమ్మ కోసమని చెప్పాను. మరీ అనుమానించాడు. "బొమ్మకైతే ముందర మొకం ఉన్నాది కదా బాబూ, ఎనకాల సూత్తారేటి?" అన్నాడు. ఎంత చెప్పినా అర్థం కాదు. నడుస్తుంటే వేయడం నాకూ రావడం లేదు. కాగితం మీద పెన్సిలు పెట్టేసరికి అది పది గజాలు పోతుంది. పరిగెత్తి అందుకుంటే మళ్లీ పది గజాలు. ఈ రోజు వేసినవన్నీ కట్టేసిన గుర్రాలే.

15 ఏప్రిల్, గురువారం

అనంతగిరి. వేయడం మానేసి చూస్తూ నడిచాను. ఎక్కేటప్పుడు వెనక కాళ్లు తోస్తాయి, అంతే. అందులో విశేషం లేదు. మోకాళ్లు నొప్పి. ఈ పిచ్చిపని ఎందుకు పెట్టుకున్నానో తెలియడం లేదు. ఎరుపు డబ్బా వాళ్లకు దొరికి ఉంటుందా.

16 ఏప్రిల్, శుక్రవారం

ఘాటీ దిగుతున్నాం. పొద్దున్న ఒక మలుపులో గుర్రం ఆగింది. వరహాలరావు లాగాడు. కదల్లేదు. వాలు చూసుకుంటోంది. తర్వాత వెనక కాళ్లు రెండూ పొట్ట కిందికి తెచ్చుకుంది, దాదాపు కూర్చున్నట్టు. గిట్ట ముందు రాయిని తాకి చూసి, బరువు వేసి, అప్పుడు రెండోది. పొడుగు కాళ్లయితే పొట్ట కింద చోటు చాలదు. పొట్టివి కనకే దిగుతోంది. తెల్ల మచ్చల దగ్గర చర్మం, మీద బస్తా లేకపోయినా, అడుగడుక్కీ ముడుచుకుంటోంది. బస్తా జారకుండా ఒళ్లు బిగబట్టడం దానికి ఇంకా పోలేదు.

రెండేళ్లు నా కళ్లెదురుగా ఉంది. చెట్టుకు కట్టి, కదలొద్దని తిట్టాను.

ఇవాళ వేయలేదు.

17 ఏప్రిల్, శనివారం

మధ్యాహ్నానికి ఘాటీ అయిపోయింది. చదును నేల మీదికి రాగానే గుర్రం వేరే గుర్రంలా నడవడం మొదలుపెట్టింది. కాళ్లు తిన్నగా, ఎక్కడి గుర్రమైనా నడిచినట్టు. ఇకమీదట జట్కా కట్టి ఇలాగే నడుస్తుంది. వెనక్కి చూశాను. ఆఖరి మలుపు రెండు ఫర్లాంగుల దూరంలో ఉంది.

ఇంకొక్కసారి దాన్ని అక్కడికి తీసుకెళ్లి దింపుతానని అడిగాను. వరహాలరావు నన్ను పై నుంచి కింది దాకా చూశాడు. నాలుగు రోజుల నడక, ఎండ, చెప్పు తెగింది, పైగా నేను.

"మీకు మతిగానీ పోనాదేటి బాబూ? దిగొచ్చిన కొండ మళ్లీ ఎక్కుతారేటి ఎవులైనా?"

బతిమాలాను. నేను ఎవరినీ బతిమాలిన గుర్తు లేదు. దయచేసి అని రెండుసార్లు అన్నాను. ఆయన తుమ్మచెట్టు నీడలో కూలబడి తాడు నా చేతికి ఇచ్చాడు. ఒక్కసారే అన్నాడు, పారిపోతే పోలీసు కేసు పెడతానన్నాడు.

మలుపు పైదాకా ఎక్కించాను. బొమ్మల పుస్తకం తీద్దామని చూస్తే తాడు పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలి, వేయడానికి రెండు. కట్టేద్దామంటే పక్కనే కర్రంత చెట్టు ఒకటుంది. ఆ చెట్టు వైపు కాసేపు చూశాను. పుస్తకం సంచిలో పెట్టేశాను. ఖాళీగా ఉన్న చెయ్యి తెల్ల మచ్చ మీద వేసి, దాని పక్కనే దిగాను. అది అడుగు వేసినప్పుడు వేశాను, ఆగినప్పుడు ఆగాను. వెనక కాలు పొట్ట కిందికి వచ్చినప్పుడల్లా అరచేతి కింద వీపు ఎడమకు ఒరిగి మళ్లీ సర్దుకుంది. చూడాల్సిన పని లేకపోయింది.

కిందికి వచ్చి తాడు ఇచ్చేశాను. ఆయన బొమ్మ చూపించమన్నాడు. వేయలేదన్నాను. ఆయన తాడు చేతికి చుట్టుకున్నాడు. తర్వాత గుర్రాన్ని తోలుకుని వెళ్లిపోయాడు. నేను ఇటు బస్సెక్కాను.

19 ఏప్రిల్, సోమవారం

మెమో వచ్చింది. సమాధానం రాయాలి.

గోడ మీద త్రికోణం అప్పన్న వేశాడట. వంకరగా ఉంది. అధికారి ఏమీ అనలేదట.

21 ఏప్రిల్, బుధవారం

చిత్రంలో గీకేసిన చోట ఎడమ వెనక కాలు వేశాను. ఎదురుగా ఏమీ పెట్టుకోలేదు. పొద్దున్న మొదలుపెడితే భోజనం వేళకు అయిపోయింది. మళ్లీ ముట్టుకోలేదు.

కాలు దిగుతుంటే పైన వీపు ఇలా తిన్నగా ఉండకూడదు. మెడ కూడా. రెండేళ్లుగా వస్తోందనుకున్న మెడ. అంతా గీకేయాలి.